ఓడ కందులు విత్తిన చేను

2003 జూన్. మేడ్చల్‌లో ఒక పప్పుమిల్లులో నేను సూపర్‌వైజర్‌ని. కందులు దింపించుకోవడం, నూనె పట్టించి ఎండబెట్టించడం, పొట్టు తీయించి బద్ద చేయించడం నా పని.

పప్పు ఎక్కడి నుంచి వస్తుందో కొనేవాళ్లకు పట్టదు. మాకు సంచి చూస్తే తెలిసిపోతుంది. తొంభై ఒకటిలో నేను చేరినప్పుడు అన్నీ గోనె సంచులే. తాండూరు నుంచి లారీల్లో, శామీర్‌పేట పక్క ఊళ్ల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవి. నాలుగైదేళ్లకు, ఎండాకాలంలో మిషన్ ఆగకూడదని మా సేటు ముంబై బ్రోకర్‌తో మాట్లాడి కాసిని బర్మా కందులు తెప్పించాడు. తర్వాత ఏడాదిలో సగం రోజులు అవే ఆడాయి. రెండు వేలు దాటేసరికి గోదాం నిండా తెల్ల ప్లాస్టిక్ సంచులు, మన గోనె సంచులు ఒక మూలన. బర్మావి ఓడలో వస్తాయని మా హమాలీలు వాటికి ‘ఓడ కందులు’ అని పేరు పెట్టారు. నేను వాటిని తిట్టను. అవే రాకపోతే ఎంతమంది ఇళ్లలో పప్పుగిన్నె పొయ్యి ఎక్కేది కాదో నాకు తెలుసు.

మా మిల్లుకో పాత ఆనవాయితీ ఉంది. మిరుగు కార్తెకు, అంటే తొలకరి వేళకు, రైతులు వచ్చి విత్తనాలకు కందులు పట్టుకుపోయేవారు. ఎందుకంటే మా దగ్గరున్నవి వాళ్ల చేలల్లో పండినవే. అంతకుముందటి ఏడాది వానలు మొహం చాటేశాయి. ఇళ్లలో దాచుకున్న విత్తనాలు కూడా కూరకుండల్లోకి పోయాయి. ఆ మిరుగుకు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బాలమణి అక్క వచ్చింది. మొగుడు పోయాక వాన మీదే బతికే రెండెకరాల చెలక ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి.

మూలనున్న గోనె సంచులు అప్పటికే ఖాళీ. తెల్ల సంచిలోంచి ఒక గింజ తీసి పంటి కింద కొరికింది.

“మస్తు గట్టిగున్నయి తమ్మీ. గివే ఇయ్యి.”

“అక్కా, ఇవి ఓడల వచ్చినయి. పురుగు పట్టకుండ ఫ్యూమిగేషన్ చేస్తరు, అంటే గ్యాస్ పెడతరు. మొలుస్తయో లేదో!”

“తడిబట్టల కట్టి సూద్దాం. కంది ఏడున్నా కందే గద.”

కట్టి చూశాం. మూడోనాటికి ముచ్చటగా మొలిచాయి. విత్తనానికి మాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. సంతోషంగా పట్టుకుపోయింది.

దీపావళి దాటాక మళ్లీ వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“చెట్లు నా నెత్తి మీదికి పెరిగినయి. పూత లేదు. పక్క చేన్లల్ల కాయ పడుతాంది. ఊళ్లె అందరు ‘పైన పటారం, లోన లొటారం’ అని నవ్వుతాన్రు. గీ ఏడు పంట రాకుంటె భూమి అమ్మేస్తనని పటేల్‌కు మాటిచ్చిన తమ్మీ.”

పటేల్ అంటే ఆమె పక్క పొలం నర్సిరెడ్డి. తన భూమిలో అప్పటికే హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేశాడు. ఆమె చెలక కలిస్తే లేఅవుట్ రోడ్డు దాకా వస్తుంది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. “సేటుకు లేని బాధ నీకేంది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అంది మా ఆవిడ. అయినా మర్నాడు ముంబై బ్రోకర్‌కు ఫోన్ చేశాను. “తినమని పంపితే విత్తుకున్నారా?” అని పడీపడీ నవ్వాడు. కానీ మంచివాడు, కనుక్కుని చెప్పాడు. అది మన కందిలా ఐదారు నెలల పంట కాదు, చలి ముదిరాక పూసి ఎండలు మొదలయ్యాక కోతకొచ్చే రకమట. అంటే గొడ్డుపోలేదు, ఆలస్యం అంతే! స్కూటర్ మీద చేనుకు పరుగెత్తాను.

బాలమణి అక్క విని తల అడ్డంగా ఊపింది. “పూసేది పూస్తది, సరే. గందాక నా చెలకకు నీళ్లేడికెల్లి వస్తయి?”

నీళ్లున్నది ఒక్క నర్సిరెడ్డి బోరులోనే. లేఅవుట్ దారి పొడవునా నాటిన పూలమొక్కలకు పోయిస్తున్నాడు. ఇద్దరం వెళ్లి అడిగాం. ఆయన బాలమణి అక్క చేనువైపు తిరిగి చూశాడు.

“నీళ్లిస్తె నీ భూమి నాకు రాదని ఎరుకే, బాలమణీ. గాని పచ్చటి చేను ఎండుతుంటె ఎట్ల జూడాలె? ప్లాట్లు జేసినా నేను రైతునే గద. పైపులు గుంజుకో, పో.”

బాలమణి అక్క చెంగుతో కళ్లొత్తుకుంది.

చలి ముదిరాక చేను పసుపుపచ్చగా విరగబూసింది. ఊళ్లో కందులన్నీ కళ్లాలకు చేరి, పచ్చికాయ కంటికి కనబడని రోజుల్లో ఆమె చేను కాపుకొచ్చింది. ఉప్పేసి ఉడికించిన కందికాయలంటే మా వైపు ప్రాణం పెడతారు. గంప దించితే అల్వాల్ సంతలో ఆడవాళ్లు మూగిపోయారు. “గిప్పుడు పచ్చికాయలేందమ్మా!” అంటూ ఎగబడి కొన్నారు. నర్సిరెడ్డి మళ్లీ భూమి మాట ఎత్తలేదు.

మరుసటి మిరుగుకు బాలమణి అక్క ఆటోలో ఒక మూట వేసుకుని మిల్లుకొచ్చింది. అమ్మడానికేమో అనుకుని కాటా వైపు చూపించాను.

“అమ్మనీకె కాదు. మా తల్లిగారింటికాడ అడిగి తెచ్చిన. మన దిక్కు కందులు. ఇత్తునాలకు వచ్చేటోళ్లకు గివి ఇయ్యి.”

“మరి నీకో?”

“నాకు పెట్టుకున్న తియ్యి. అందరికి పటేల్ బోరు దొరుకుతదా తమ్మీ?”

ఏళ్ల తరబడి సంచులు చూసిన నాకు ఆ రోజే తెలిసింది. పప్పు ఏ దేశం నుంచైనా రావచ్చు, కడుపు నింపుతుంది. విత్తనం మాత్రం మన వానను ఎరిగినదై ఉండాలి. అప్పటి నుంచి మిల్లు గడప తొక్కిన ప్రతి రైతునూ ముందు ఒకటే అడిగేవాణ్ని, తిననీకా, ఇత్తనీకా అని. ఇత్తనీకె అంటే, తెల్ల సంచుల దగ్గరకు పోనిచ్చేవాణ్ని కాదు.