బాలింత పక్కన నీళ్ళ చెంబు

గా నూలు కండె పక్కకు పెట్టి గీడ కూసో. నాయినమ్మ చెప్పేది సక్కగ ఇని రాయి, నడుమ నడుమ నవ్వకు. ఇది నీ ముచ్చటనే.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, గీ పోచంపల్లిలనే మీ అమ్మ నిన్ను కన్నది. అయిదో దినం పొద్దుగాల నీ కింద ఏసిన పాత చీర గుడ్డ పట్టి చూసిన. పొడిగున్నది. మజ్జాన్నం గూడ పొడిగనే ఉన్నది. రంగుల ముంచిన నూలు ఎంత ఆరిందో ఏలితోని చెప్పేదాన్ని. పసిపిల్ల గుడ్డ గట్ల ఆరుడు మంచిది కాదని సమజైంది. నువ్వు ఏడుస్తలేవు గూడ, పండుకొనే ఉన్నవు.

ఆటోల దవాఖానకు ఉరికినం. డాక్టరమ్మ వెయిట్ చూసి "డీహైడ్రేషన్" అన్నది. బ్లడ్ టెస్ట్ చేసి సెలైన్ పెట్టిన్రు. తల్లి దినానికి ఎన్ని నీళ్ళు తాగుతాందని అడిగింది. రెండు గిలాసలు, మించనియ్యనని నేనే గొప్పగ చెప్పిన. నీళ్ళు తాగితే బాలింతకు పొట్ట ఉబ్బుతదని మా ఇండ్లల్ల పత్తెం. ఒక్క పూటనే అన్నం, ఎల్లిగడ్డ కారం. మా అత్త నాకు గట్లనే పెట్టింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలే. "దాహమైనప్పుడల్లా తాగనివ్వమ్మా, కడుపునిండా పెట్టు. నీళ్ళు తల్లికే, పాపకు కాదు. రెండు గంటలకోసారి రొమ్ముకు పట్టించండి, పీల్చేకొద్దీ పాలొస్తాయి" అన్నది. నోరెట్ల పట్టియ్యాల్నో నర్సమ్మ పక్కన కూసొని చూపెట్టింది.

ఇంటికొచ్చినంక మీ అమ్మ మగ్గం మీద నేను కూసున్న. ఆమెకు పొద్దుగాల తైదల అంబలి, గవే రాగులు. మజ్జాన్నం జొన్నరొట్టె, పెసరపప్పుల మునగాకు, నువ్వుల పొడి. అయినా వారం దాక పాలు సాలలే. డాక్టరమ్మ చెప్పినట్టు చెంచతోని డబ్బపాలు గూడ పోసినం. మీ అమ్మ ఒకటే ఏడుపు.

గప్పుడే మా వదినె వచ్చి వాకిట్ల నిలవడ్డది.

"గన్ని నీళ్ళు, గంత తిండా? మన అత్తలు మనకు గట్లనే పెట్టిరి, మనం సచ్చినమా?"

"మనం సావలే వదినె. నా మొదటి పిల్ల తొమ్మిదో దినం పోయింది. పాలు లేని తల్లినని నన్నే అన్నరు. నాకు నీళ్ళెవరు పోసిన్రు?"

ఇంకో వారానికి నీ గుడ్డలు మార్చి మార్చి నా నడుము పోయింది. డాక్టరమ్మ వెయిట్ చూసి డబ్బ బందు చెయ్యమన్నది.

ఇప్పుడు వాడల ఎవరికి కాన్పైనా, పిలవకున్నా పోత. అంగన్వాడీల గూడ చెప్త. ముసల్దానికి సిగ్గు లేదంటరు, అననీ. నువ్వు రాయి: బాలింత చెయ్యి అందేటంత దూరంల నీళ్ళ చెంబు పెట్టుండ్రి. పిల్ల గుడ్డ తడుస్తలేదా, ఇంట్ల తల్లికి తిండి పెట్టుకుంట కూసోకుండ దవాఖానకు ఉరుకుండ్రి. ఇగ పాలు లేవని తల్లిని అనేటోళ్ళు ఎవరన్న వాకిట్లకొస్తే, ఆళ్ళను ముందుగాల...

"అత్తమ్మా, ముందుగాల నువ్వొచ్చి తిను. రొట్టె సల్లారుతాంది, నీళ్ళ చెంబు గీడ పెట్టిన."