అనామతు మాటలు

నా చిన్నప్పుడు బోధన్‌లో మా పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవారు. ఆయన పని పుస్తకాలకు అట్టలు కుట్టడం. సర్కారు కచేరీల నుంచి, బళ్ల నుంచి చినిగిన పుస్తకాలు మూటలు మూటలుగా ఆయన అరుగు మీదికి వచ్చేవి. సూదిలో దారం ఎక్కించే ముందు ప్రతి పుస్తకాన్నీ ఆయన తీరిగ్గా చదివేవారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడూ వచ్చు. అట్లా ఏళ్ల తరబడి చదవడంతో ఆయనకు తెలియని సంగతి ఉండేది కాదు.

నేను అయిదో తరగతిలో ఉండగా, పొద్దుటి ప్రార్థన అయ్యాక రోజుకొకరు ఒక కొత్త సంగతి చెప్పాలని మా హెడ్మాస్టరు గారు నియమం పెట్టారు. మాట పుట్టుక గురించో, ఊరి చరిత్ర గురించో, పాత కథల గురించో ఏదైనా సరే. నా వంతు వచ్చిన రోజు నేను తాత అరుగెక్కాను. చుట్టూ చెరుకు తోటలే కదా, చక్కెర గురించి చెప్పమన్నారు ఆయన. సంస్కృతంలో శర్కర, మనకు చక్కెర, ఉర్దూలో షకర్, మూడూ ఒక తల్లి బిడ్డలేనట. అదే చెప్పాను. హెడ్మాస్టరు గారు ఎంత మురిసిపోయారంటే, ఇక రోజూ నన్నే చెప్పమన్నారు. నిజామాబాద్‌కు ఇందూరని పాత పేరుందని ఒకరోజు చెప్పాను. జిల్లా అనే మాటకు అరబ్బీలో అసలు అర్థం పక్కటెముక అని ఇంకోరోజు చెప్పినప్పుడు, వరుసలో నిలబడ్డ పిల్లలంతా తమ పక్కటెముకలు తడుముకున్నారు.

ఒకరోజు హెడ్మాస్టరు గారు, ఇవన్నీ నీకెవరు చెప్తున్నారమ్మా అని అడిగారు.

మా బాపు రుద్రూర్ వైపు తోటల నుంచి చెరుకు బండి తోలేవాడు. వేలిముద్ర తప్ప సంతకం రాదు. అంతకు వారం ముందే మా తరగతిలో ఇద్దరు అమ్మాయిలు నా గౌను పేడ వాసన వస్తోందని ముక్కులు మూసుకున్నారు. వాళ్లిద్దరూ ఇప్పుడు నా పక్క వరుసలోనే నిలబడి ఉన్నారు.

"మా బాపు చెప్తడు సార్" అన్నాను.

వాళ్లు తల తిప్పి నన్ను చూశారు. ఆ చూపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట చెప్పాను.

బడి వార్షికోత్సవానికి హెడ్మాస్టరు గారు బాపుకు ప్రత్యేకంగా కబురు పంపారు. ఎందుకో తెలియకపోయినా బాపు ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. తాత కూడా వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు బాపును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. బడిలో కొత్తగా పుస్తకాల గది తెరుస్తున్నామని, ఇంతటి జ్ఞాని సాయంత్రాలు అందులో కూర్చుని పిల్లలకు నాలుగు మాటలు చెప్తే బాగుంటుందని అన్నారు. ఇప్పుడే ఒక మంచి సంగతి వినిపించమని కోరారు.

బాపు శాలువా అంచులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఒకసారి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకింది.

అప్పుడు చివరి వరుసలోంచి తాత లేచారు.

"ఆయనకు నలుగుర్ల మాట్లాడాలంటే సిగ్గు సార్. ఇంట్ల మస్తు చెప్తడు. గోడ అవతల కూసోని నేను రోజూ వింట."

నవ్వులు ఆగిపోయాయి. హెడ్మాస్టరు గారు సర్దుకుని ఇంకేదో మాట్లాడారు. ఇంటికి నడిచినంతసేపూ బాపు నన్ను ఒక్క మాట అడగలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండునని అనిపించింది.

మర్నాడు పొద్దున భయపడుతూనే తాత అరుగెక్కాను. ఆయన కళ్లు అప్పటికే మసకబారుతున్నాయి. అరుగు మీది మూటలూ తగ్గిపోయాయి. ఆ పుస్తకాల గది ఎవరికి దక్కవలసిందో నాకు ఆ వయసులోనే అర్థమైంది. తాత ఎప్పటిలాగే ఆ రోజు మాట చెప్పారు.

"అమానత్ అంటే ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువు, బేటీ. వాళ్లు అడిగినా అడగకున్నా ఒకనాడు ఇచ్చెయ్యాలె. అదే తెలుగుల అక్షరాలు తారుమారై అనామతు అయింది." అట్టకు జిగురు రాశారు. "ఇది బడిల చెప్పకు. నీ కాడనే ఉంచుకో."

హెడ్మాస్టరు గారికి నిజం చెప్పేయాలని రోజూ పొద్దున అనుకునేదాన్ని. ఆయన ఎదురుగా నిలబడితే నోట్లోంచి వేరే ఏదో వచ్చేది. ఆ ఎండాకాలం తాతను ఆయన కూతురు నాందేడ్ తీసుకుపోయింది. పుస్తకాల గదిలో కూర్చునేవాళ్లు దొరకలేదు. నేను ఏడో తరగతి దాటేనాటికి దాని తాళం తుప్పు పట్టింది.

ఆ ఏడే తాత పోయారని కబురొచ్చింది. ఆ సాయంత్రం బాపు ఎడ్లను కడుగుతుంటే పక్కన నిలబడి ఏడుస్తూ మొత్తం చెప్పాను.

"నాకు ఆ దినమే ఎరుకైంది బిడ్డ" అన్నాడు బాపు. "నువ్వే చెప్తవని ఇన్నొద్దులు చూసిన." ఎద్దు వీపు మీద ఇంకో చెంబు నీళ్లు పోశాడు. "ఆయనున్నప్పుడు చెప్పేదుండె."

తిట్టలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు.

చదువు పూర్తయి నేనూ పంతులమ్మనయ్యాక, వెతుక్కుంటూ వెళ్లి హెడ్మాస్టరు గారికి కూడా చెప్పాను. అప్పటికి ఆయన మంచం పట్టారు. ఏ సాయిబు, ఏ శాలువా అని అడిగారు.

ఇప్పుడు నాకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఎక్కడ ఏ మంచి మాట చెప్పినా, అది ఎవరి దగ్గర విన్నానో ముందే చెప్పేయడం నాకు అలవాటైంది. విన్నవాళ్లు నాది ఎంత వినయమో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు చెందదని వాళ్లకు చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.