టెక్నీషియం డాక్టరు

మణుగూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే ఇమ్మానుయేలు, ‘డాక్టర్’ చేర్చి పిలవకపోతే పలకడు. టెక్నీషియం లోహానికి గంధకం, కార్బన్ మోనాక్సైడ్ అతికించే విద్యలో పీహెచ్‌డీ పట్టుకొచ్చాడు. అది రేడియేషన్ సరుకని భయపడి ప్రయోగమంతా దాని చుట్టమైన రీనియంతోనే కానిచ్చాడు. టెక్నీషియాన్ని కంటితో చూసిన పాపాన పోలేదు. థర్మోకోల్ ఉండలకు పుల్లలు గుచ్చి చేసిన ఆ అణువు బొమ్మను మాత్రం రోజూ జేబురుమాలుతో తుడుస్తాడు. ఓ పొద్దున, గది ఊడ్చే ఆరోగ్యమ్మ అడిగింది: “సార్, నిన్న స్కానింగ్‌ల మా ఆయన నరానికి మీ టెక్నీషియమే ఎక్కిచ్చిండ్రంట. మనుమరాలిని దగ్గరికి రానియ్యొచ్చా?” ఆ రేడియేషన్ ఆరు గంటలకోసారి సగానికి పడిపోతుందని ఆయన థీసిస్ మొదటి పేజీలోనే ఉంది. “అది నా టాపిక్ కాదమ్మా, నాది స్ట్రక్చర్. బొమ్మకు చీపురు తగలనియ్యకు,” అన్నాడు. ఆ బొమ్మ పుల్లలన్నీ ఆమె చీపురులోంచి పీకినవే.