పట్టకారు ముట్టని చెయ్యి

ఆ భోజనశాలలో అందరూ అతన్ని పట్టకారు అనే పిలుస్తారు. చిత్రమేమిటంటే, పాతికేళ్ళుగా ఆ మనిషి పట్టకారు ముట్టుకున్న పాపాన పోలేదు. కణకణలాడే బొగ్గును రెండు వేళ్ళతో ఎత్తి, పొయ్యిలో ఈ మూల నుంచి ఆ మూలకి చిటికెలో చేర్చేవాడు. బూడిద లాగే పారన్నా, మూత బిగించే ఇనప బకెట్టన్నా అతనికి గౌరవమే. అడుగున బూడిద పేరుకుంటే గాలాడక బొగ్గు అలుగుతుందనీ, పైకి చల్లారినట్టు కనబడే బూడిదని నమ్మి చెత్తకుండీలో పోసినవాడు కొంప ముంచుతాడనీ కొత్తవాళ్ళకి పాఠం చెప్పేవాడు. పట్టకారు మాత్రం చేతగానివాళ్ళ సామాను అని అతని తీర్పు. మొండివాడు రాజుకంటే బలవంతుడు, ఎవరూ వాదించలేదు.

అలాంటివాడు మూడు నెలలుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అవసరం లేకపోయినా బూడిద లాగుతాడు, లాగిన పారని తుడుస్తాడు, తుడిచిన పారతో మళ్ళీ లాగుతాడు. కారణం అతనికి తెలుసు, ఎవరికీ చెప్పడు. వేళ్ళలో స్పర్శ పోతోంది. పొయ్యి మీద అరచెయ్యి చాచి, ఎన్ని అంకెల దాకా ఓర్చుకోగలడో దాన్నిబట్టి వేడి చెప్పడం అతని పద్ధతి. ఇప్పుడు ఇరవై దాకా లెక్కపెట్టినా చెయ్యి ఏమీ చెప్పడం లేదు. చువ్వల మీద మాంసం ఒకరోజు మాడుతోంది, ఒకరోజు పచ్చిగా దిగుతోంది. బొగ్గు తడిగా ఉందన్నాడు, గాలి అడ్డంగా వీస్తోందన్నాడు, పార వంకరపోయిందని కొత్తది కొనిపించాడు. ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే. ఈ చెయ్యే పోతే పొయ్యి దగ్గర తనెవరు? ఆ భయం అతన్ని ఒక్కచోట నిలవనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం జనం కిక్కిరిసి ఉన్నారు. పొయ్యి అంచు మీంచి ఒక బొగ్గు దొర్లబోతే అలవాటుగా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఇంకెంతసేపని అడిగారు. వాళ్ళకి జవాబు చెబుతూ అలాగే ఉండిపోయాడు.

"మాస్టరూ, ఏదో మాడుతోంది, చూడు" అంటూ ఎడంచేత్తో చువ్వలన్నీ గబగబా తిప్పాడు. ఒక్క ముక్కా మాడలేదు.

వంటమాస్టరు వచ్చి, అతని కుడి మణికట్టు పట్టుకుని దులిపాడు. బొగ్గు కిందపడింది. రెండు వేళ్ళ చర్మం నల్లబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లోకం నవ్వుతుంది. కాలిన సంగతే తెలియనివాడు ఆకులెందుకు వెతుక్కుంటాడు?

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాడు మాస్టరు.

"చలి మొదలైనప్పటి నుంచి. డాక్టరు షుగరన్నాడు. నువ్వు ఓనరుకి చెప్పకు."

"చెప్పను. రేపటి నుంచి పట్టకారు పట్టుకో. వేడి నేను చూస్తాను. బూడిద పని నీకంటే బాగా ఎవడికొచ్చు?"

మాస్టరే వేళ్ళకి మందు రాసి, గుడ్డ చుట్టి ఇంటికి పంపాడు. పరువు పోయినా పొయ్యి మిగిలింది. దారిలో అతని గుండె కొంచెం కుదుటపడింది.

ఇంట్లో కూతురు వేడినీళ్ళు కాచి టబ్బులో పోసింది. రోజూ అతను పని నుంచి రాగానే చన్నీళ్ళు కలిపి, రెండేళ్ళ మనవరాలికి స్నానం చేయించాలి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు. కట్టున్న చెయ్యి వెనక్కి దాచుకుని, ఎడంచేత్తో రెండు చెంబులు కలిపాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి చూడబోయి ఆగిపోయాడు.

"నువ్వోసారి చూడమ్మా. నా చేతికి వేడి తెలియడం లేదు."

వేళాకోళం అనుకుని కూతురు నవ్వుతూ చెయ్యి ముంచింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. మూడో చెంబు పోసింది, నాలుగోది, ఐదోది పోసింది. అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"ఈమధ్య స్నానమంటే చాలు, ఏడుస్తోంది నాన్నా. మొండికేస్తోందని నిన్న ఒకటి వేశాను కూడా."

పాప, తల్లి కాళ్ళ వెనక్కి నక్కింది, తాత వైపు రానంటోంది. అతనికి ఏడుపొచ్చింది. తడి నేల మీదే కూలబడి, బతిమాలి బతిమాలి పాపని దగ్గరికి తీసుకుని, పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. తడిమితే తెలియదు గనుక, ఎక్కడైనా ఎర్రబడిందేమోనని మొహం దగ్గరగా పెట్టి ఒక్కొక్క వేలే చూడసాగాడు.