లేని కమ్మలు

మా దుర్గిలో ఎవరు పోయినా ముందు మా పక్కింటి సుబ్బులమ్మ పిన్నికే కబురు వెళ్లేది. శోకాలు పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పోయినవాళ్ల మంచీ చెడూ రాగం తీసి ఏడుస్తుంటే, పగవాడు కూడా తువ్వాలు కళ్లకద్దుకునేవాడు. చదువు లేదు, సెంటు భూమి లేదు. ఊళ్లో ఆమెకున్న గౌరవమంతా ఆ గొంతుతో వచ్చిందే.

ఆమె మొగుడు నాగులు పగలు గనిలో నాపరాళ్లు చీల్చేవాడు. ఊళ్లో నాటకం ఆడితే మాత్రం దొర. రంగానికీ రంగానికీ మధ్య, లోపల వేషాలు మార్చుకునేదాకా, తెర ముందు ఒక్కడే నిలబడి జనాన్ని నవ్వించేవాడు. కరణం నడక, మేస్త్రీ దగ్గు, దేన్నీ వదిలేవాడు కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే అతనే.

అరవై రెండులోనో మూడులోనో, మాఘంలో పిన్ని తల్లి పోయింది. చైత్రంలో తిరనాళ్లు వచ్చాయి.

"ఏందే, ఎప్పుడూ ఆ మూల కూర్చుని కుములుతుంటావు? ఇయ్యాల నాటకానికి రా, నవ్వుదువు గాని," అని నాగులే వెంటబెట్టుకెళ్లి ఆమెను ముందు చాప మీద కూర్చోబెట్టాడు.

మొదటి రంగం కాగానే పెట్రోమాక్సు వెలుగులోకి నెత్తిన తువ్వాలు ముసుగేసుకుని వచ్చాడు. చతికిలబడి గుండెలు బాదుకున్నాడు.

"నా తల్లో... పొయ్యి మీద కూడన్నా దించకుండా పోతివా తల్లో..."

అచ్చం పిన్ని గొంతే. తల్లి శవం మీద పడి ఆమె ఏడ్చిన మాటలే. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు చాలలేదు కాబోలు, చివర ఒకటి సొంతంగా తగిలించాడు.

"కమ్మలు యాడ దాచావో చెప్పకుండా పోతివా తల్లో!"

పందిరి ఊగిపోయింది. ముందు చాప మీదున్న పిన్నిని వేళ్లతో చూపించి మరీ నవ్వారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చాక పిన్ని ఒక్కటే అడిగింది. "మా అమ్మ చెవులకు చీపురుపుల్లలు తప్ప కమ్మలెప్పుడున్నయ్యి?"

"నవ్వులాటకు అంటే ఇంత రాద్ధాంతమా!" అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిల్లికి చెలగాటం మరి.

వేసవిలో ఎదురింటి రోశమ్మ మామ పోయాడు. పిన్ని వెళ్లి "నా మామో" అని ఎత్తుకుందో లేదో, వెనక ఎవత్తో "కమ్మలు" అంది. చావింట్లో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. నాగులు మాత్రం ప్రతి నాటకంలోనూ అదే చేశాడు, జనం అదే అడిగేవారు మరి.

కొన్నేళ్లకు గనిలో బండ విరిగి మీద పడి నాగులు పోయాడు. ఊరంతా వాకిట్లో చేరింది. శవం పక్కన కూర్చుని పిన్ని నోరు తెరిచింది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది. కొందరు అప్పటికే నవ్వు రాకుండా పెదవులు బిగబట్టుకుని ఉన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పాడె లేచి వీధి మలుపు తిరిగేదాకా తీయలేదు.

"మొగుడు పోతే ఏడవని ఆడదాన్ని ఇప్పుడే చూస్తన్నా," అంది రోశమ్మ.

పిన్ని కొంగు తీసింది.

"నా ఏడుపు కూడా ఆయనే ఏడ్చి పోయాడమ్మా. నాకేం మిగిల్చాడు?"