వీణ గది పైన అటక

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌ ఊళ్లో మా వీధి చివరి ఇల్లు ఆండాళ్ గారిది. మా అమ్మాయి ఇషాకి వీణ నేర్పింది ఆవిడే కాబట్టి ఆవిడ గురించి రాసే హక్కు నాకుందనుకుంటున్నాను. లేదన్నా రాస్తాను.

పెళ్లయి అమెరికా వచ్చేనాటికి ఆవిడ దగ్గర మూడున్నాయి: సంగీతంలో డిగ్రీ, నూజివీడులో చేయించిన పనసకర్ర వీణ, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా. మొదటి రెండింటినీ మూడోది ఏళ్ల తరబడి మూల కూర్చోబెట్టింది. గ్రీన్ కార్డు వచ్చి ఈ ఇల్లు కొన్నాక, గరాజ్ మీద ఉన్న గదిలో చాప పరిచి పిల్లలకి పాఠాలు మొదలుపెట్టారు. ఆవిడకి ఇల్లంటే ఆ గదే. కిందంతా భర్త జగన్మోహన్ గారి కాన్ఫరెన్స్ కాల్స్ రాజ్యం. అక్కడ వీణ మీటితే అవతల క్లయింటు వింటాడు.

జగన్మోహన్ గారు మంచి మనిషి. కానీ ఏదీ పారేయలేరు. టీవీ కొంటే దాని అట్టపెట్టె కూడా భద్రం. "ఇండియా వెళ్లిపోయేటప్పుడు ప్యాకింగ్‌కి కావాలి కదండీ" అనేవారు. ఆ వెళ్లిపోవడం ఏటికేడు వాయిదా పడుతూనే ఉంది, పెట్టెలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఇల్లు కొన్న కొత్తలోనే ఆ గది పైన ఉన్న అటకలో చెక్కలు పరిచి, వాటిని అక్కడికి ఎక్కించారు. పెద్ద గంగాళం, బొమ్మల కొలువు మెట్లు కూడా వాటి పక్కనే చేరాయి.

జార్జియా ఎండల సంగతి ఇక్కడుండేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ గదిలో పిల్లలు చెమటలు కక్కుకుంటూ సరళీ స్వరాలు వాయించేవారు. గది చల్లబడాలని ఏసీ పెంచితే, కింద జగన్మోహన్ గారు శాలువా కప్పుకుని మీటింగులు నడిపేవారు. ఒకే ఇంట్లో ఒకేసారి రోహిణి కార్తె, ధనుర్మాసం అని మేం నవ్వుకునేవాళ్లం.

రెండువేల పదకొండు వేసవిలో ఆ నవ్వు ఆగిపోయింది. వీణకి ఇత్తడి మెట్లు మైనంలో నిలబడతాయి. ఒక మధ్యాహ్నం పాఠం నడుస్తుండగా ఆ మైనం మెత్తబడి మెట్లు పక్కకి ఒరిగాయి. స్వరం ఒక్కటీ దాని చోట పలకలేదు. ఇషాని తీసుకెళ్లడానికి వచ్చిన నాతో, ఆండాళ్ గారు వీణ మీద చెయ్యి తీయకుండానే అన్నారు.

"ఇంక పిల్లల్ని పంపకండి. మెట్లే నిలబడకపోతే నేనేం పాఠం చెప్పను?"

ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

ఆ ఆదివారం కోటేశ్వరరావు గారు భోజనానికి వచ్చారు. ఏసీ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన, జగన్మోహన్ గారి స్నేహితుడు. ఏ ఇంటికెళ్లినా గోడలు తడిమి చూసే అలవాటు ఆయనది. పై గది కప్పు మీద చెయ్యి పెట్టి, పెనం తగిలినట్టు వెనక్కి తీసుకున్నారు. నిచ్చెన దింపి అటకెక్కి, అక్కణ్ణుంచే అరిచారు.

"జగన్, ఇక్కడి దూది ఎవరు పీకారయ్యా?"

"నేనే. చెక్కలకి అడ్డమొస్తే మూలకి నెట్టాను. అటకంటే సామాన్లకే కదా?"

"మన ఊళ్లో సామాన్లకి. ఇక్కడ అది ఇంటికి గొడుగు. ఆ దూదే ఇన్సులేషన్, పై వేడిని కిందికి దిగనివ్వదు! దాన్ని తీసేసి ఏసీ పెంచితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే."

ఆ సాయంత్రం మా వీధిలో ఇంకో నాలుగు తెలుగిళ్లలో అటక నిచ్చెనలు దిగాయి. ఎవరూ పైకి చెప్పుకోలేదు కానీ అందరిదీ అదే కథ.

కోటేశ్వరరావు గారు ఉపాయం చెప్పారు. చెక్కలు తీసేసి, సందులు మూసి, మోకాలి లోతున కొత్త ఇన్సులేషన్ నింపాలి. దాని మీద బరువు పడితే అది అణిగిపోతుంది కాబట్టి ఇక ఒక్క పెట్టె కూడా పైకెక్కకూడదు. కింద పెట్టడానికి చోటు లేదు. జగన్మోహన్ గారు "చూద్దాం" అన్నారు. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆండాళ్ గారు బతిమాలలేదు, వీణకి గలీబు తొడిగేశారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అట్టపెట్టెల కోసం మనిషి ప్రాణం తీస్తారా అని శనివారం పొద్దున్నే కడిగేయడానికి బయల్దేరాను.

వెళ్లేసరికి జగన్మోహన్ గారు డ్రైవ్‌వేలో కూర్చుని, పెట్టెలు ఒక్కొక్కటే కోసి చదును చేస్తున్నారు. రీసైక్లింగ్ కోసం పెద్ద దొంతర లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకెక్కడికి వెళ్తాం లెండి. ఆవిడ పని ఇక్కడుంది" అన్నారు. తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి నేనూ ఒక కత్తి పట్టుకున్నాను.

ఎండలు తగ్గాక పిల్లల తల్లిదండ్రులంతా కలిశాం. షాపు నుంచి అద్దెకు తెచ్చిన యంత్రంలో, పాత పేపర్లు తురిమి చేసిన ఇన్సులేషన్ బస్తాలు మేం గుమ్మరిస్తుంటే, జగన్మోహన్ గారు పైన గొట్టం పట్టుకుని నింపారు. దిగి వచ్చినప్పుడు కనుబొమ్మలతో సహా బూడిద రంగులో ఉన్నారు. "విభూతి బాగా కుదిరిందండీ" అని ఆండాళ్ గారే ఏడిపించారు. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఆ చలికాలం వాళ్ల గురువుగారిని ఫోన్‌లో అడిగి తెలుసుకుంటూ, ఆవిడే కొత్త మైనం కరిగించి మెట్లన్నీ నిలబెట్టుకున్నారు.

అయినా వేసవి రావాలిగా. జులై మధ్యాహ్నం, బయట తారు మెత్తబడే ఎండ. పిల్లలూ మేమూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆండాళ్ గారు మెట్టు మీద తీగని బలంగా పక్కకి లాగి, ఒక గమకం పలికించారు. మెట్టు కదల్లేదు. స్వరం చక్కగా వెళ్లి చక్కగా తిరిగొచ్చింది. పాఠమంతా అయినా ఒక్క మెట్టూ ఒరగలేదు.

గుమ్మంలో జగన్మోహన్ గారు నిలబడి ఉన్నారు. మా అందరి ముందూ ఆవిడ వీణ దించి, ఆయనకి చేతులు జోడించారు.

"ఈ దేశం వచ్చాక ఇది నాది అనుకున్న చోటు ఇదొక్కటేనండీ. దాన్ని నాకు నిలబెట్టారు."

ఆయన "మీరు కానీయండి, నేను కాఫీ పెడతాను" అని మెట్లు దిగి వెళ్లారు.