నాకు కప్పబోయిన శాలువా

దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి రండి. పసుపు బజారులో ఆడవాళ్ల పని ఎట్లా ఉంటుందో చెప్పమని నన్ను చాలామంది అడుగుతుంటారు. మొత్తం చెప్పాలంటే తెల్లారిపోతుంది. అందుకని, నన్ను తొందరపడి ముసలిదాన్ని చేయబోయిన ఒక్క సీజను సంగతి చెబుతాను.

అప్పుడు నాకు నలభై ఆరేళ్లు. ఆర్మూర్‌లో ఒక అడ్తి దుకాణంలో చాట కూలీల గుంపుకు పెద్దగా ఉన్నాను. అడ్తి దుకాణమంటే రైతు తెచ్చిన సరుకును ఖరీదుదారుకు అమ్మిపెట్టి, నడుమ కమీషన్ తీసుకునే దుకాణం. మాఘమాసం వచ్చిందంటే వేల్పూర్ నుంచీ ఏర్గట్ల నుంచీ పసుపు ట్రాక్టర్లు మొదలయ్యేవి. రైతులు ఊళ్లోనే ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టించి బస్తాలకెత్తి తెస్తారు. హమాలీలు వాటిని దించి షెడ్డులో కుప్ప పోస్తారు. అక్కడి నుంచి పని మాది. వేలులాగా పొడుగ్గా ఉండే కొమ్మును ఒక దిక్కు, ఉండలాగా ఉండే గోళను ఒక దిక్కు, ముక్కా దుమ్మూ కలిసిన చూరను ఇంకో దిక్కు వేయాలి. చాటతో చెరగాలి, జల్లెడ పట్టాలి, మళ్లీ బస్తాకెత్తాలి. అప్పుడు దడ్వాయి, అంటే తూకం వేసే మనిషి, కాంటా పెడతాడు. గుమస్తా రాసుకుంటాడు. ఈ వరుసలో అందరికన్నా కింద ఉండేది చాట కూలి. చాట కూలీలందరికన్నా పైన ఉండేది గుంపు పెద్ద.

గుంపు పెద్ద అంటే పెత్తనం అనుకోకండి. రేపు ఎవరు రావాలి, ఎవరు ఏ కుప్ప దగ్గర కూర్చోవాలి అన్నది ఆమె మాట. చంటిపిల్ల తల్లికి గాలికి ఎదురుగా, దుమ్ము రాని చోటు ఇవ్వాలి. అత్తాకోడళ్లను ఒకే కుప్ప దగ్గర కూర్చోబెట్టకూడదు. మీ ఆడవాళ్లు నా కొమ్ములు విరగ్గొట్టారని రైతు ఎగిరితే అతని ముందు నిలబడాలి. చూర ఎక్కువ వచ్చిందని ఖరీదుదారు గొణిగితే అతని ముందూ నిలబడాలి. రోజంతా నిలబడే పని. నాకు అదే ఇష్టం. మా వాడలో చాలామంది ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నా ఒళ్లో కూడా ఆకు, తంబాకు పోసి చూసింది. ఒక చోట కూర్చుంటే నాకు కాళ్లు గుంజేవి. పక్కింటామె వెనకాలే పసుపు షెడ్డుకు పోయాను, మళ్లీ బీడీ ముట్టలేదు.

నాకు చిన్ననాడే పెళ్లయింది. నా బిడ్డకూ తొందరగానే చేశాం. నలభై దాటీ దాటకముందే అమ్మమ్మనయ్యాను. మనవడు పుడితే ఎవరికి సంతోషం ఉండదు? కానీ నేను ఆ పిల్లవాడికి అమ్మమ్మను గానీ ఊరందరికీ కాదు కదా. అప్పటిదాకా రాజక్కా అన్న నోళ్లు ఒక్కొక్కటిగా రాజవ్వా అనడం మొదలుపెట్టాయి. మీసం పూర్తిగా నెరిసిన దడ్వాయి కూడా ఒకరోజు "అవ్వా, జర పక్కకు జరుగు" అన్నాడు. "నేను నీకు అవ్వనైతే నువ్వు నాకు ఏమైతవ్ తాతా?" అన్నాను. ఆ రోజంతా అతను నా కుప్ప దిక్కు రాలేదు.

జక్రాన్‌పల్లిలో మా చెల్లెలింటికి పోతుంటే బస్సులో ఒక కాలేజీ పిల్లవాడు గబుక్కున లేచి "కూసో అవ్వా" అన్నాడు. "నువ్వే కూసో బిడ్డా, నాకు కాళ్లున్నయి" అన్నాను. లేచినవాడు మళ్లీ కూర్చోవడానికి సిగ్గుపడ్డాడు. నేను కూర్చోలేదు. మా ఇద్దరి నడుమ కూర్చునే ధైర్యం ఇంకెవరికీ రాలేదు. కండక్టర్ వచ్చి "గీ సీట్ల దయ్యం గిట్ల కూసున్నదా?" అని అడిగాడు. జక్రాన్‌పల్లి దాకా ఆ సీటు ఖాళీగానే పోయింది.

ఇదంతా నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది దుకాణంలో జరిగింది.

మా పెద్ద సేటుకు డెబ్బై దాటాయి. పొద్దున్నే వచ్చి గద్దె మీద కూర్చుంటే దుకాణం మూసేదాకా లేచేవాడు కాదు. ఆ ఏడు ఆయన కొడుకు హైదరాబాద్‌లో చదువు ముగించి వచ్చి దుకాణం పని చూడడం మొదలుపెట్టాడు. మేం చిన్న సేటు అనేవాళ్లం. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. షెడ్డులో ఫ్యాన్లు పెట్టించాడు, మాకు మూతికి కట్టుకునే మాస్కులు ఇప్పించాడు, ఆడవాళ్లకు వేరే బాత్రూం కట్టించాడు. ఆ మంచితనంతోనే ఒకరోజు నన్ను పిలిచాడు.

"రాజవ్వా, ఈ సీజన్ నుంచి మీరు వరండల కుర్చీల కూసోండి. సీనియర్ బ్యాచ్ అని వేరే చేస్తున్నం. కూసోని ఏరుడు పని చేస్తే సాలు. గుంపును సుజాత చూసుకుంటది" అన్నాడు.

"నిన్నటిదాంక నీకు రాజక్కనే గద. రాత్రికి రాత్రి అవ్వను ఎట్లైన?"

"గౌరవంతోని అంటున్న అవ్వా. సీనియర్ అంటే అనుభవం ఉన్నోళ్లు."

"అనుభవం ఉన్నదాన్ని కుప్ప కాడ పెట్టుకుంటరు గానీ వరండల ఎందుకు పెడుతరు, చిన్న సేటు?"

అతను నవ్వాడు. కోపగించుకోలేదు. సీజను పూజ రోజు సీనియర్లకు సన్మానం కూడా ఉందనీ, నాకు మంచి శాలువా తెప్పించాననీ చెప్పాడు. ఆ మాట వినగానే నేను వెనక్కి తిరిగి షెడ్డు దిక్కు నడిచాను.

ఎందుకో చెప్పాలి. మా బజారులో శాలువా అంటే ఒక కట్టుబాటు. ఎవరూ రాసిపెట్టింది కాదు. సీజను మొదటి రోజు కాంటాకు పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, ఒకరిద్దరు పాత పనివాళ్లకు శాలువా కప్పుతారు. శాలువా కప్పుకున్న మనిషి మళ్లీ కుప్ప దగ్గరికి రావడం ఎవరూ చూడలేదు. అంతకుముందు ఏడు నర్సయ్య అనే హమాలీకి కప్పారు. ఒంట్లో బలం ఉన్న మనిషి. ఫొటో దిగాడు, మురిసిపోయాడు. మర్నాడు ఎప్పటిలాగే బస్తా కొక్కెం భుజానికి తగిలించుకుని వస్తే వాళ్ల ముఠా పెద్ద "నిన్న శాలువా కప్పుకుంటివి గద నర్సన్నా, మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు. పరాచకమనుకుని నర్సయ్య నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. మధ్యాహ్నం దాకా చాయ్ హోటల్లో కూర్చుని ఇంటికి పోయాడు. చిన్న సేటుకు ఈ కట్టుబాటు తెలియదు. అతనికి అది గౌరవం. మాకు అది బయటికి పంపే గేటు.

సుజాతకు మాత్రం తెలుసు. ముప్పై ఏళ్ల మనిషి, నా చేతి కిందనే పని నేర్చింది. చెయ్యీ గట్టిదే, నోరూ గట్టిదే. నేను సేటు దగ్గరి నుంచి తిరిగొచ్చేసరికి ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇద్దరికి చెప్పేసింది కూడా.

ఇంటికి పోయి మా ఆయనతో చెప్పాను. ఆయన ఆటో నడిపేవాడు. "మంచిదే గదనే, చలికాలం కప్పుకోవచ్చు" అన్నాడు.

"చలి వెడుతే నువ్వు కప్పుకో. నాకన్న ఆరేండ్లు పెద్దోనివి."

"నన్ను ఎవలు పిలుస్తరే సన్మానానికి" అని అన్నం కలుపుకున్నాడు.

పూజకు పోకుండా ఇంట్లో ఉండిపోవాలని మొదట అనుకున్నాను. పోకపోతే నా గుంపును నేను లేకుండానే అప్పగిస్తారు. తలకు రంగు వేసుకుని పొమ్మని మా బిడ్డ ఫోన్లో చెప్పింది. వేసుకోలేదు. నెరిసిన వెంట్రుకలు నావే, వాటిని దాచిపెట్టి గెలవాల్సిన అవసరం నాకు లేదు. రోజూ కట్టుకునే చీరే కట్టుకుని పోయాను.

షెడ్డు ముందు స్టేజీ వేశారు. కాంటాకు బంతిపూల దండ వేసి బొట్లు పెట్టారు. చుట్టుపక్కల దుకాణాల సేట్లు కుర్చీల్లో, రైతులు బస్తాల మీద కూర్చున్నారు. ముందు వరుసలో పెద్ద సేటు. మొదట మా గుంపులోని పోసవ్వకు కప్పారు. ఆమె నడుము వంగిపోయింది, రెండేళ్లుగా తనను వదిలేయమని అడుగుతూనే ఉంది. శాలువాను కళ్లకద్దుకుంది. అది ఆమెకు న్యాయమైన సన్మానం, నేనూ చప్పట్లు కొట్టాను. తర్వాత గుమస్తా మైకులో నా పేరు పిలిచాడు.

స్టేజీ ఎక్కాను. చిన్న సేటు జరీ అంచు శాలువాను విప్పి నా భుజాల దాకా తెచ్చాడు. నేను దాని అంచు పట్టుకుని ఆపాను.

"చిన్న సేటు, ఒక్క మాట. గీ సన్మానం పెద్దోళ్లకే గద?"

"అవునవ్వా."

"దుకాణంల నాకన్న పెద్దోళ్లు ఉండంగ నేను ముందుగాల కప్పుకుంటే బాగుండదు."

శాలువాను అతని చేతుల్లోంచి తీసుకుని మెట్లు దిగి పెద్ద సేటు ముందు నిలబడ్డాను.

"సేటు, నీకు డెబ్బై దాటినయి. నేను ఈడికొచ్చినకాడి సంది నువ్వు గద్దె మీదనే ఉన్నవ్. ముందుగాల నీకు కప్పుత. రేపటి సంది వరండల కుర్చీ గూడ నీకే."

నోటి కూడు పోగొట్టుకుంటున్నానేమో అనిపించింది. చేతులు మాత్రం శాలువాను దించలేదు. వెనకాల ఒక హమాలీ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

పెద్ద సేటు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకెందుకే రాజక్కా? నేనింకా దుకాణం చూస్తున్న గద."

"నేను గూడ కుప్ప చూస్తున్న గద సేటు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత కొడుకు మొహం చూశాడు. బాపు ఇంక ఇంట్లో ఉంటే బాగుంటుందని చిన్న సేటు ఇంట్లో అంటున్నట్టు గుమస్తా ద్వారా మాకందరికీ తెలుసు. శాలువాను చూసి ఆ ముసలాయన కుర్చీలో వెనక్కి జరిగిన తీరు నేను ఇప్పటికీ చెప్పగలను, పాము పడగ విప్పితే జరిగినట్టు జరిగాడు. "మడతవెట్టురి దాన్ని" అన్నాడు. కొడుకు దిక్కు తిరిగి, "ఆమె పని ఆమెను చేసుకోనియ్" అన్నాడు.

చిన్న సేటు మొహం ఎర్రబడింది. అయినా అతనిలో మర్యాద ఉంది. స్టేజీ దిగొచ్చి శాలువాను తనే మడతపెట్టి, మైకు తీసుకుని, "రాజక్క సన్మానం వాయిదా పడ్డది" అన్నాడు. ఎన్నటికని ఎవరో అరిచారు. "ఆమె చెప్పినప్పటికి" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పోయి కుప్ప దగ్గర నిలబడ్డాను.

అక్కడితో అయిపోతే ఇది మంచి కథ అయ్యేది. సాయంత్రం సుజాత నా దగ్గరికి వచ్చింది.

"సేటును అడిగినవ్, బాగనే అడిగినవ్. నువ్వు గూడ మాకు గద్దె మీది సేటువే అక్కా. నువ్వు లేవకపోతే మేం ఎప్పుడు ఎక్కాలె?"

"నా గద్దె ఎందుకు గుంజుతవే? నీది నువ్వు ఏసుకో. చేతనైతది నీతోని."

కోపంతో అన్న మాటే, కానీ ఆమె దాన్ని సలహాగా తీసుకుంది. మర్నాడు సగం మంది ఆడవాళ్లను వెంటపెట్టుకుని ఇంకో దుకాణానికి పోయి సొంత గుంపు కట్టింది. ఆ సీజను మాకు చేతులు తక్కువై కుప్పలు ఎక్కువయ్యాయి. చెప్పడం వదిలి నేనే చాట పట్టి కూర్చోవాల్సి వచ్చింది. భుజం పీకేది. రాత్రి మా ఆయన నూనె రాసేవాడు, శాలువా మాట మాత్రం ఎత్తేవాడు కాదు. దుకాణంలో నొప్పి అనే మాట నా నోటి నుంచి ఒక్కనాడు రాలేదు. సుజాత అడిగింది తప్పు కాదు. నేను లేవకపోవడమూ తప్పు కాదు. ఇద్దరం రోడ్డు మీద ఎదురైతే చాలాకాలం మొహాలు తిప్పుకుని పోయాం.

తర్వాత ఎన్నో సీజన్లు చేశాను. చూపు మందగించి, నా గోళల్లో కొమ్ములు కనబడడం మొదలైన రోజు వచ్చింది. ఇంకెవరూ పసిగట్టకముందే నేనే సుజాతను పిలిపించి నా గుంపును ఆమె గుంపులో కలిపాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. పని మానాల్సిన రోజు అందరికీ వస్తుంది. అది వచ్చిందో లేదో చెప్పాల్సింది మన చేతిలో ఉన్న పనే. పుట్టిన ఏడు కాదు, నెరిసిన తల కాదు, పుట్టిన మనవడు కాదు. ఎవరైనా గౌరవం ఇస్తామంటే మంచిదే. దానికి బదులు ఏం తీసుకుంటారో అక్కడే, అందరి ముందే అడగాలి. నవ్వుతూ అడిగితే ఇంకా మంచిది.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంట్లో పెద్దల కాళ్లలో సత్తువ ఉండాలి, పిల్లలకు నిలబడే చోటు దొరకాలి, ఒకరి అన్నం ఒకరు గుంజుకునే రోజు మీ గడపలోకి రాకూడదు. చల్లగా ఉండండి, మీ ఇల్లు పచ్చగా ఉండాలి.